పోలీసు కాల్పుల్లో మనిషి పోతే: దహనానికి ముందే కుటుంబం పెట్టాల్సిన కాగితాలు

ఇలాంటి కేసు ఫైలు తెరిస్తే మొదట కనిపించేది పోలీసు అధికారి ఇచ్చిన ఫిర్యాదే. ‘కత్తితో మా మీదికొచ్చాడు, లొంగిపొమ్మన్నా వినలేదు, ప్రాణరక్షణకు కాల్చాం’ అని అందులో ఉంటుంది. హత్యాయత్నం సెక్షన్ కింద కేసు కడతారు. నిందితుడి కాలమ్‌లో చనిపోయినవాడి పేరే రాస్తారు. నిందితుడు బతికి లేడు గనక కొన్నాళ్ళకు కేసు మూతపడుతుంది. చేతిలో ఏమీ లేని మనిషి మీద తూటా ఎందుకు పేలిందన్న ప్రశ్న ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. దాన్ని కాగితం మీదికి ఎక్కించాల్సింది కుటుంబమే. పెద్దకర్మ అయ్యాక చూద్దామనుకుంటే చాలా పోతుంది. శవం మార్చురీలో ఉండగానే మొదలుపెట్టాలి.

రాపూరు, ఉదయగిరి వైపు ఎర్రచందనం అడవుల్లో జరిగినా, దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమలలో జరిగినా, హైవే మీద బండి ఆపలేదని కాల్చినా చట్టం ఒకటే. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 43వ సెక్షన్ అరెస్టుకు అవసరమైన బలం వాడనిస్తుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు మాత్రం ఇవ్వదని అదే సెక్షన్ చెబుతుంది. ఆత్మరక్షణ అన్నది కాల్చినవాళ్ళు విచారణలో చూపించుకోవాల్సిన సంగతి. దర్యాప్తు మొదలుకాక ముందే స్టేషన్‌లో తేలిపోయేది కాదు.

ముందు హద్దు తేల్చుకోండి

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు తిరుపతిలోకి పోయింది. ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి. రెవెన్యూ హద్దు మారినంత మాత్రాన పోలీసు హద్దు, కోర్టు హద్దు దానితోపాటే మారాయని అనుకోవద్దు. ఘటన జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో, ఆ స్టేషన్‌కు ఏ మెజిస్ట్రేట్ కోర్టో, ఏ సెషన్స్ కోర్టో అక్కడి బార్ అసోసియేషన్‌లో ఎవరిని అడిగినా అయిదు నిమిషాల్లో చెబుతారు. తప్పు కోర్టులో వేసిన పిటిషన్ తిరిగొచ్చేసరికి రెండు వారాలు పోతాయి.

ఫిర్యాదు ఇవ్వడానికి మాత్రం హద్దు అడ్డం కాదు. బీఎన్‌ఎస్‌ఎస్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలి. కాల్చినవాళ్ళు పనిచేసే స్టేషన్‌కే వెళ్ళి నిలబడాల్సిన అవసరం లేదు.

మార్చురీ దగ్గర

అసలు సాక్ష్యం అంతా ఇక్కడే ఉంటుంది. కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. అలసట, ఏడుపు, చుట్టూ పోలీసులు, ‘సంతకం పెడితే గంటలో బాడీ ఇస్తాం’ అన్న మాట. ఆ గంటలో పోయినదాన్ని తర్వాత పదేళ్ళు తిరిగినా తెచ్చుకోలేరు. ఇంట్లో గట్టిగా ఉన్న ఇద్దరిని ఏడ్చేవాళ్ళ దగ్గర నుంచి పక్కకు తీసి, ఈ పని ఒక్కటే వాళ్ళకు అప్పజెప్పండి.

మొదట శవ పంచనామా. దీనికి ఆ చుట్టుపక్కల ఉండే గౌరవస్తులు కనీసం ఇద్దరు పంచులుగా, అంటే సాక్షులుగా ఉండాలి. ఎప్పుడూ స్టేషన్ చుట్టూ తిరిగేవాళ్ళనే పంచులుగా రాస్తుంటే మీ అభ్యంతరాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్పింది ఎక్కడా మిగలదు. పంచనామాలో గాయాల వర్ణన, ఒంటి మీద బట్టలు, చనిపోవడానికి కారణంపై పంచుల అభిప్రాయం ఉంటాయి. ఆ చివరి కాలమ్‌లో ‘ఎదురుకాల్పుల్లో మరణించాడు’ అని ముందే రాసి తెచ్చి మీ చేత సంతకం పెట్టించుకోవాలని చూస్తారు. చదవనిదే పెట్టకండి. చదివాక ఒప్పుకోకపోతే సంతకం కింద ‘కారణంతో ఏకీభవించడం లేదు’ అని రాసి తేదీ, టైము వేయండి. తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా, ఏ పేరు చెప్పినా పెట్టొద్దు.

తర్వాత పోస్ట్‌మార్టం. 2014 సెప్టెంబర్ 23న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 నియమాలు పెట్టింది. వాటి ప్రకారం జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్ట్‌మార్టం చేయాలి. వీలైనంతవరకు వాళ్ళలో ఒకరు ఆసుపత్రి అధిపతి అయి ఉండాలి. మొత్తం వీడియో తీసి భద్రపరచాలి. చిన్న ఆసుపత్రిలో ఒక్క డాక్టరుతో ముగించబోతుంటే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో (జీజీహెచ్) ఒంగోలు జీజీహెచ్‌కో తరలించమని సూపరింటెండెంట్‌కు, ఆర్డీఓకు, ఎస్పీకి ఒకే అర్జీ మూడు కాపీలు ఇవ్వండి. అర్జీలో ఈ అయిదూ అడగండి: పోస్ట్‌మార్టానికి ముందు ఒళ్ళంతా ఎక్స్‌రే, గాయాలన్నిటికీ స్కేలు పెట్టి రంగు ఫొటోలు, రెండు చేతుల నుంచి స్వాబ్‌లు (తుడిచి తీసే నమూనాలు), బట్టలు విడిగా సీలు చేయడం, వీడియో కాపీ భద్రపరచడం.

ఎక్స్‌రే ఎందుకంటే, లోపల మిగిలిన తూటా ముక్క ఎక్కడుందో ముందే తెలుస్తుంది. అది బయటికి రాకుండా శవం కాలిపోతే ఏ తుపాకీ పేల్చిందో చెప్పే వస్తువు పోయినట్టే. చేతి స్వాబ్‌లు ఎందుకంటే, ‘వాడే ముందు కాల్చాడు’ అని చెప్పినప్పుడు ఆ చేతుల మీద తుపాకీ మందు అవశేషం ఉందా లేదా అన్నది చూడాలి. అవశేషం లేనంత మాత్రాన కాల్చలేదని తేలిపోదు. అది తేలిగ్గా రాలిపోతుంది, కడిగితే పోతుంది. అందుకే శవాన్ని కడగకముందే రెండు చేతులకూ కాగితపు సంచులు కట్టాలి. ప్లాస్టిక్ కవరు కడితే లోపల చెమ్మ పట్టి అంతా పాడవుతుంది.

బట్టల సంగతి ఇంకా ముఖ్యం. ఆ చొక్కానే చూడండి. దగ్గర నుంచి కాలిస్తే చిల్లు చుట్టూ మసి, కాలిన పోగులు, సన్నని మందు చుక్కలు ఉంటాయి. చేతి తుపాకీ అయితే మసి రమారమి ఒక అడుగు లోపు, మందు చుక్కలు రెండు మూడు అడుగుల వరకు పడతాయి. తుపాకీని బట్టి, మందును బట్టి ఇది మారుతుంది గనక కచ్చితమైన దూరం అదే తుపాకీతో పరీక్షగా కాల్చి చూసే ఫోరెన్సిక్ నిపుణులే చెప్పాలి. ఒంటి మీద బట్ట అడ్డం ఉన్నచోట ఈ గుర్తులు చర్మం మీద కాకుండా బట్ట మీదే మిగులుతాయి. అంటే పోస్ట్‌మార్టం రిపోర్టులో ‘మసి లేదు’ అని ఉన్నా చొక్కా మీద ఉండొచ్చు. ఆ చొక్కాను రక్తం తడితోనే ముడిచి కవర్లో పడేస్తే కుళ్ళిపోతుంది. నీడలో ఆరబెట్టి, ఏ బట్టకా బట్ట కాగితంలో చుట్టి సీలు వేయాలి. ఆసుపత్రి సిబ్బంది మీ చేతికే బట్టలిస్తే ఉతకొద్దు, చితిలో వేయొద్దు. ఉన్నవున్నట్టు ఫొటోలు తీసి, ఇద్దరు సాక్షుల ఎదుట ఆర్డీఓకు గానీ మెజిస్ట్రేట్‌కు గానీ అప్పజెప్పి రసీదు తీసుకోండి.

డాక్టర్ల రిపోర్టు వచ్చాక వెతకాల్సినవి మూడు. తూటా దూరిన గాయం ముందు వైపా వీపు వైపా, లోపల అది పోయిన దారి పైనుంచి కిందికా అడ్డంగానా, తూటాది కాని గాయాలు ఏమైనా ఉన్నాయా. మణికట్ల మీద తాడు ముద్రలు, అరికాళ్ళ మీద కమిలిన గుర్తులు ఉంటే కాల్పులకు ముందు ఆ మనిషి ఎవరి చేతుల్లో ఉన్నాడన్న ప్రశ్న వస్తుంది.

ఆ తర్వాత దహనం. అనుమానం ఉంటే మన ఇళ్ళలో దహనం ఆచారమైనా ఈసారికి పూడ్చడం మంచిది. పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళకు కారణం చెప్పండి. మళ్ళీ పోస్ట్‌మార్టం కావాలంటే హైకోర్టుకు వెళ్ళొచ్చు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది కూలీలు కాల్పుల్లో చనిపోయాక, దహనం కాకుండా ఉన్న కొన్ని శవాలకు హైకోర్టు ఆదేశంతోనే రెండోసారి పోస్ట్‌మార్టం జరిగింది. బూడిదైనవాటికి ఆ దారి లేదు.

మీ ఫిర్యాదు

‘ఆ ఘటన మీద ఎఫ్‌ఐఆర్ ఉంది, ఇంకోటి కట్టం’ అనే జవాబుకు ముందే సిద్ధపడండి. ఒకే ఘటన మీద ఒకే పక్షం రెండో ఎఫ్‌ఐఆర్ పెట్టకూడదన్నది నిజమే. ఎదుటి పక్షం తన వైపు సంగతి చెబుతూ ఇచ్చే ఫిర్యాదుకు అది అడ్డం రాదని 2004లో ఉపకార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. శిక్షార్హమైన తీవ్ర నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నాటి లలిత కుమారి తీర్పు. ఈ రెండు పేర్లూ ఫిర్యాదు అడుగున రాయండి.

ఫిర్యాదులో ఆవేశం వద్దు. చూసింది ఒక పక్క, విన్నది ఒక పక్క పెట్టాలి. ఈ తీరులో ఉంటే చాలు:

‘ఫలానా తేదీ సాయంత్రం సుమారు 6 గంటలకు నా భర్త లుంగీ, గళ్ళ చొక్కాతో, చేతిలో సెల్‌ఫోన్ తప్ప ఏమీ లేకుండా ఇంటి నుంచి బయలుదేరాడు. ఇది నేను కళ్ళారా చూశాను. రాత్రి 8 గంటల ప్రాంతంలో చెరువుకట్ట దగ్గర ఆయన్ను ముగ్గురు జీపు ఎక్కించుకోవడం చూశామని మా వీధివాళ్ళు ఇద్దరు చెప్పారు. వాళ్ళు వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మరుసటి ఉదయం కాల్పుల్లో చనిపోయాడని ఫోన్ వచ్చింది. ఆయన దగ్గర ఆయుధం లేదు. ఇది హత్య అని నా ఫిర్యాదు. కాల్పుల్లో పాల్గొన్నవారి ఆయుధాలు, తూటాల జారీ రిజిస్టరు, జీపు లాగ్‌బుక్, స్టేషన్ జనరల్ డైరీ, వారి ఫోన్ల కాల్ రికార్డులు వెంటనే స్వాధీనం చేసుకోవాలని కోరుతున్నాను.’

చివరి వాక్యం మరిచిపోవద్దు. ఆయుధాగారం నుంచి ఎవరికి ఏ తుపాకీ, ఎన్ని రౌండ్లు ఇచ్చారో, ఎన్ని తిరిగొచ్చాయో రిజిస్టరులో ఉంటుంది. పది రౌండ్లు తీసుకుని ఆరు అప్పజెప్పితే నాలుగు ఖాళీ గొట్టాలు ఘటనా స్థలంలో దొరకాలి. ఈ లెక్క కుదరని చోటే కథ విడిపోతుంది.

స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద అదే ఫిర్యాదు ఎస్పీకి పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనక స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడిగి పంపండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఈ రెండు రుజువులూ లేకుండా మెజిస్ట్రేట్ దగ్గరికి వెళితే ‘ముందు ఎస్పీకి ఇచ్చి రండి’ అని వెనక్కి పంపుతారు.

దర్యాప్తు ఎవరు చేస్తున్నారో కనిపెట్టుకుని ఉండండి. పీయూసీఎల్ తీర్పు ప్రకారం సీఐడీ గానీ, వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. దానిపై పర్యవేక్షణ కాల్పుల బృందం నాయకుడికన్నా కనీసం ఒక మెట్టు పై అధికారిది అయి ఉండాలి. కాల్చిన సీఐ మీద దర్యాప్తును ఇంకో సీఐయే పర్యవేక్షిస్తుంటే, లేదా 16 నియమాల్లో ఏది పాటించకపోయినా, ఆ ప్రాంత సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చని తీర్పులో చివరి నియమం చెబుతోంది. ఈ దారి వాడుకునేవాళ్ళు తక్కువ. పెద్ద ఖర్చు లేదు. నియమం నంబరు వేసి, అది ఎలా తప్పారో రెండు వాక్యాల్లో రాసి, రుజువు జతచేస్తే సరిపోతుంది.

వీడియోలు, కెమెరాలు

సెల్‌ఫోన్‌లో ఎవరైనా తీసి ఉంటే ఆ ఫోన్‌నే దాచండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ నలుగురికి చూపించడానికి పనికొస్తుంది గానీ, దానిలో ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు చెరిగిపోయి, బొమ్మ నాణ్యత పడిపోతుంది. అసలు ఫైలును కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) రాయించి పెట్టుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో అదే అడుగుతారు. సర్టిఫికెట్‌లో ఒక భాగం ఫోన్ యజమానిది, రెండోది నిపుణుడిది.

కొట్ల ముందు కెమెరాల రికార్డు చాలావాటిలో రెండు నుంచి నాలుగు వారాల్లో చెరిగిపోతుంది. హైవే మీదుగా తీసుకెళ్ళారన్న అనుమానం ఉంటే వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్ల కెమెరాలు గుర్తుంచుకోండి. మీరు అడిగితే ఇవ్వరు. ‘ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్య రికార్డు చెరపొద్దు’ అని మేనేజరుకు నోటీసు ఇస్తే తర్వాత కోర్టు అడిగినప్పుడు పనికొస్తుంది. ముందు స్టేషన్‌కు తీసుకెళ్ళి ఉంటే అక్కడి కెమెరాల రికార్డు 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కెమెరా చెడిపోయిందంటే ఆ మాటనే రాతపూర్వకంగా అడగండి.

ఆర్డీఓ విచారణ

బీఎన్‌ఎస్‌ఎస్ 196 కింద మెజిస్టీరియల్ విచారణ ఉంటుంది. మామూలుగా కలెక్టరు ఆర్డీఓకో సబ్ కలెక్టరుకో అప్పగిస్తారు. ‘తెలిసినవాళ్ళు వచ్చి చెప్పొచ్చు’ అని పేపర్లో చిన్న ప్రకటన వేస్తారు, అది చాలాసార్లు కుటుంబం కంట పడదు. ఆఫీసుకు ముందే వెళ్ళి మీ అడ్రసు, ఫోన్ నంబరు రాసిచ్చి, మా హాజరులోనే విచారణ జరపాలని అర్జీ పెట్టండి. వీలైనంతవరకు దగ్గరి బంధువులకు చెప్పి విచారణలో ఉండనివ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. అక్కడ మీరు చెప్పే మాట తర్వాత కోర్టులో మీ ముందే తెరుస్తారు. టైము, బట్టల రంగు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అన్నవి ఫిర్యాదులో ఉన్నట్టే ఉండాలి. గుర్తు లేనిది గుర్తు లేదనే చెప్పండి. ఇంకో సంగతి, ఆర్డీఓ రిపోర్టు క్రిమినల్ దర్యాప్తుకు బదులు కాదు. ‘విచారణ జరుగుతోంది గదా’ అని ఎఫ్‌ఐఆర్ ఆపితే ఒప్పుకోవద్దు.

మానవ హక్కుల కమిషన్

1996లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎన్‌కౌంటర్ మరణాలపై మొదటిసారి గట్టిగా చెప్పింది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఫిర్యాదుల మీదే. 2010 నాటి సవరణ ప్రకారం పోలీసు చర్యలో మరణాన్ని ఎస్పీ 48 గంటల్లో కమిషన్‌కు తెలపాలి, మెజిస్టీరియల్ విచారణ 3 నెలల్లో ముగించాలి. మీ ఫిర్యాదు విడిగా పంపండి. ఫీజు లేదు, తెలుగులో రాయొచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్ళాలి. హెల్ప్‌లైన్ 14433. ఒక్క జాగ్రత్త: రాష్ట్ర కమిషన్ ముందున్న కేసును జాతీయ కమిషన్ ముట్టదు. రెండు చోట్లా ఒకేసారి పెడితే ఒకచోట మూసేస్తారు. ఎక్కడ పెట్టాలో వకీలుతో ఆలోచించి ఒకటే ఎంచుకోండి.

కోర్టులో ఎదురయ్యే రెండు గోడలు

ఎస్పీ కదలకపోతే మెజిస్ట్రేట్ ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 175వ సెక్షన్ కింద అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. ఇది పాత సీఆర్‌పీసీ 156(3) లాంటిదే. డ్యూటీలో చేసిన పని మీద ఫిర్యాదు అయితే కొత్త చట్టంలో 175(4) వచ్చింది. పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ చూశాకే మెజిస్ట్రేట్ దర్యాప్తుకు ఆదేశించాలి. కాలయాపన ఇక్కడ మొదలవుతుంది. ప్రతి వాయిదాకూ నివేదిక వచ్చిందా అని మీ వకీలు అడిగేలా చూసుకోండి.

రెండోది ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి, బీఎన్‌ఎస్‌ఎస్ 218వ సెక్షన్. అనుమతి అడిగిన 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. అందుకే ఏ తేదీన అడిగారో కాగితం ఉండాలి. ‘పోలీసు చట్టం ప్రకారం మూడు నెలలు దాటింది, కేసు చెల్లదు’ అని కూడా వాదిస్తారు. మన ప్రాంతానికి వర్తించే 1859 నాటి జిల్లా పోలీసు చట్టంలో ఆ మాట ఉంది. కస్టడీలో కొట్టడం ఆ చట్టం కింద చేసిన పని కాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు 1960లలో తేల్చింది.

దర్యాప్తు పక్కదారి పట్టిందని తేలినప్పుడు హైకోర్టులో రిట్ వేయొచ్చు. శవం విషయం అయితే రాత్రికి రాత్రి హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే అత్యవసర విచారణ) అడగొచ్చు. డబ్బు లేదని ఆగవద్దు. నెల్లూరు, ఒంగోలు కోర్టు ప్రాంగణాల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును పెడతారు.

డబ్బు

పరిహారం అడగడం కేసు అమ్ముకోవడం కాదు. బీఎన్‌ఎస్‌ఎస్ 396వ సెక్షన్ కింద న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టొచ్చు. హైకోర్టు రిట్‌లోనూ అడగొచ్చు. చనిపోయినవాళ్ళు యానాదులో చెంచులో ఎస్సీలో అయి, చంపినవాళ్ళు ఆ వర్గాలకు చెందనివాళ్ళయితే అట్రాసిటీ చట్టం కూడా పెట్టమనాలి. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకుండా జరగాలి. 2016 నియమాల ప్రకారం హత్యకు 8,25,000 రూపాయల సహాయం, అందులో సగం పోస్ట్‌మార్టం తర్వాత, సగం చార్జిషీటు పడ్డాక. కుల ధ్రువపత్రం కాపీ మొదటి రోజే ఫిర్యాదుకు జతచేయండి. ఊరి పెద్దలో నాయకులో తెచ్చే డబ్బు తీసుకునేటప్పుడు రసీదులో ‘ఇకమీదట ఫిర్యాదు లేదు’ అన్న ముక్క ఉందేమో చూసుకోండి. ఉంటే కొట్టేయించండి. కొట్టేయకపోతే డబ్బు వదులుకోండి.

మూడో నెల తర్వాత

90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు పోలీసులు చెప్పాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్. చెప్పకపోతే అర్జీ పెట్టండి. కేసు మూసేస్తూ తుది నివేదిక వేస్తే, మెజిస్ట్రేట్ దాన్ని ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి మాట వినాలని 1985 నుంచీ సుప్రీంకోర్టు చెబుతోంది. ఆ నోటీసు అందాక, కేసు మూయొద్దని వేసేదే ప్రొటెస్ట్ పిటిషన్. ఫోరెన్సిక్ రిపోర్టు తెప్పించలేదు, ఫలానా సాక్షిని విచారించలేదు, రౌండ్ల లెక్క కుదరలేదు అని ఒక్కొక్కటే రాయాలి. పనుల కోసం చెన్నైకో బెంగళూరుకో వెళ్ళిన కుటుంబాల నోటీసులు పాత అడ్రసుకు పోయి ‘ఇంటి తాళం’ అని తిరిగొస్తాయి, కేసు అక్కడే మూతపడుతుంది. ఇల్లు మారిన రోజే కొత్త అడ్రసు, ఫోన్ నంబరు మెజిస్ట్రేట్ కోర్టులో మెమో వేసి, దర్యాప్తు అధికారికి కాపీ పంపండి.